స్టేషన్ రైటరు చేతిలో మన తలరాత

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా హాస్టల్ విద్యార్థులు, పేట సంఘం కలిసి జరిపిన సభలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



మనలాంటి చిన్న కాలేజీ టౌన్లో పోలీసు వ్యవస్థను సంస్కరించడం ఎట్లా అన్న విషయం మీద మమ్మల్ని మాట్లాడమన్నారు. సంస్కరణ అనే మాట మనకి కొత్తది కాదు. హరిజనోద్ధరణ నాటి నుంచీ వింటూనే ఉన్నాం. మనల్ని మారుస్తామని వచ్చినవాళ్లే గానీ తాము మారతామని వచ్చినవాళ్లు తక్కువ. పోలీసు సంస్కరణ పేరుతో మన టౌన్‌కి ఏమొచ్చింది? స్టేషన్‌కి రంగులేశారు. రిసెప్షన్లో కుర్చీలేశారు. కొత్త వాహనాలొచ్చాయి. గోడ మీద స్నేహం, సేవ అని రాశారు. సంతోషమే. కానీ మన పేట మనిషి ఇవాళ్టికీ ఆ గేటు ముందు నిలబడి లోపలికి పోవాలా, ఎవరైనా పెద్దమనిషిని వెంటబెట్టుకు రావాలా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచన పోనంతవరకు ఎన్ని రంగులేసినా అది పాత ఠాణాయే.

మేం టీచర్లం. మా నాన్నలు నిశానీలు. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. పొద్దున బళ్లో పిల్లలకు రాయడం నేర్పుతాం. ఇవాళ సాయంత్రం ఇక్కడ, స్టేషన్ చేత రాయించడం ఎట్లాగో మాట్లాడదామని వచ్చాం. ఎందుకంటే మేం చూసినంతలో పోలీసు సంస్కరణ అంతా చివరికి ఈ ఒక్క పనిలో తేలుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలి. రాసింది చదివి వినిపించాలి. కాపీ చేతికివ్వాలి. ఇది జరిగిన రోజు మిగతావి వాటంతటవే కదులుతాయి. ఇది జరగని రోజు మిగతావన్నీ అలంకారాలే.

కరణం పోయాడు, రైటరొచ్చాడు

స్టేషన్లో ఎస్.ఐ. కుర్చీ అందరికీ కనబడుతుంది. ఇంకో కుర్చీ ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. అది స్టేషన్ రైటరు కుర్చీ. కంప్లెయింటు తీసుకునేది, జనరల్ డైరీ నింపేది, ఎఫ్.ఐ.ఆర్. తయారుచేసేది చాలాచోట్ల ఆయనే. సంతకం అధికారిది, మాట ఈయనది. మనం ఏడ్చుకుంటూ చెప్పిన మాట ఆయన కలంలోంచి ఏ రూపంలో బయటికొస్తుందో అదే కోర్టులో మన మాట. ఆయన ఒక్క మాట వదిలేస్తే సెక్షన్ మారుతుంది. ఒక్క మాట కలిపితే బాధితుడు ముద్దాయవుతాడు.

మన తాతలకి ఈ సంగతి బాగా తెలుసు. ఊళ్లో కరణం ఉండేవాడు. ఆయన లెక్కలో ఎవరి పేరుంటే భూమి వాళ్లది. దున్నేవాడు ఒకడు, కరణం దస్త్రంలో పేరు ఇంకొకడిది. మన రాష్ట్రంలో 1984లో కరణీకం రద్దయింది. కరణం పోయాడు గానీ మన బతుకు ఇంకొకరి కలం మొనమీద వేలాడ్డం పోలేదు. భూమి విషయంలో కరణం ఏం చేశాడో, కేసు విషయంలో స్టేషన్ అదే చేస్తోంది. తలరాత అంటే బ్రహ్మ రాసేదని మనకి చెప్పారు. బ్రహ్మ సంగతేమోగానీ, మన తలరాత రాసేవాడు యూనిఫాం వేసుకొని స్టేషన్లో కూచున్నాడు.

రెండేళ్ల కిందట మన టౌన్లో జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఊరి పేరూ వద్దు, పిల్లల పేర్లూ వద్దు. కాలేజీ రోడ్డులో టీ కొట్టు దగ్గర హాస్టల్ కుర్రాళ్లు నలుగురు నిలబడ్డారు. మోటారుసైకిళ్ల మీద వచ్చిన మోతుబరి పిల్లలు పక్కకి తప్పుకోమన్నారు. కులం పేరుతో తిట్టారు, చెయ్యి చేసుకున్నారు. మాలో ఇద్దరం పిల్లల్ని, ఒకబ్బాయి తల్లిని తీసుకొని స్టేషన్‌కి పోయాం. సాయంత్రం ఆరింటికి పోతే రాత్రి పది దాకా బెంచీ మీదే కూచోబెట్టారు. అప్పుడు రైటరు మొదలుపెట్టాడు. "కేసెందుకు బాబూ, వాళ్లూ పెడతారు. రేపు మీకు ఉద్యోగాలు రావాలి గదా!" పిల్లలు వినలేదు. సరేనని రాశాడు. తల్లి చేత వేలిముద్ర వేయించుకున్నాడు. చదివి వినిపించమంటే పొద్దుపోయిందన్నాడు.

మర్నాడు చూస్తే ఆ కాగితంలో కులం మాటే లేదు. "పరస్పరం తోసుకొనిరి" అని ఉంది. దానికి నంబరు పడలేదు. మధ్యాహ్నానికి అవతలివాళ్ల కంప్లెయింటుకి మాత్రం నంబరు పడింది. అందులో మన నలుగురు పిల్లలు ముద్దాయిలు. దెబ్బలు తిన్నవాడికి కేసు, కొట్టినవాడికి కాపీ! ఆ నలుగురిలో ఒకడు తర్వాత ప్రభుత్వోద్యోగానికి ఎంపికయ్యాడు. అటెస్టేషన్ ఫారంలో మీ మీద కేసులున్నాయా అని ఒక గడి ఉంటుంది. ఉందని రాశాడు. రాయక తప్పదు, దాస్తే అదింకో నేరం. ఆ ఉద్యోగం ఉత్తర్వు ఇంతవరకు ఆ ఇంటికి రాలేదు.

మిత్రులారా, కాలేజీ టౌన్లో పోలీసు చేతిలో లాఠీ కన్నా పెద్ద ఆయుధం ఇదే. మన నాన్నల్ని లాఠీతో భయపెట్టారు. మన పిల్లల్ని కేసుతో భయపెడుతున్నారు. పొలం లేదు, దుకాణం లేదు, మన పిల్లవాడికున్న ఆస్తి ఒక సర్టిఫికెట్. దాని మీద ఒక్క క్రైమ్ నంబరు పడితే మూడు తరాల కష్టం నీళ్లపాలు. రౌడీషీటు సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి ఆధారం పోలీసుల సొంత స్టాండింగ్ ఆర్డర్లు. కోర్టు శిక్ష వేయనక్కర్లేకుండానే మనిషి రౌడీ అయి కూచుంటాడు. అందుకే రైటరు నోట "ఉద్యోగాలు రావాలి గదా" అన్న మాట అంత తేలిగ్గా వస్తుంది. అది సలహా కాదు, బెదిరింపు. రాజీకి అది తొలిమెట్టు.

పాత సంస్కరణల కథ

ఇది ఒక్క రైటరు చెడ్డతనమా? ఆయన్ని బదిలీ చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఈ వ్యవస్థ ఎందుకు పుట్టిందో చూడాలి.

మన కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో శిస్తు వసూలు చేసేవాళ్లే పోలీసు పనీ చేసేవాళ్లు. శిస్తు కట్టనివాణ్ణి ఎండలో నిలబెట్టడం, కట్టిపడేసి కొట్టడం మామూలు. గొడవ లండన్ దాకా పోయింది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. 1855లో ఆ కమిషన్ హింసలు నిజమేనని నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 1859లో మద్రాసుకు కొత్త పోలీసు చట్టం, 1857 తిరుగుబాటు దెబ్బ తిన్న ప్రభుత్వం 1861లో దేశానికంతటికీ పోలీసు చట్టం తెచ్చాయి. అప్పుడూ దాన్ని సంస్కరణే అన్నారు. జరిగిందేమిటి? కొట్టేవాడికి యూనిఫాం వచ్చింది. పైవాడికి సలాము కొట్టడం, కిందివాణ్ణి అదుపులో పెట్టడం ఆ యూనిఫాంకి నేర్పారు. జనానికి జవాబు చెప్పడం మాత్రం నేర్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. 1977లో జాతీయ పోలీసు కమిషన్ వేశారు. 1981 దాకా నివేదికల మీద నివేదికలిచ్చింది. అటకెక్కించారు. ఇద్దరు రిటైరైన పోలీసు అధికారులు సుప్రీంకోర్టుకెక్కితే 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో ఏడు ఆదేశాలొచ్చాయి. స్టేషన్ అధికారిని కనీసం రెండేళ్లు కదపొద్దన్నారు. దర్యాప్తు చేసేవాళ్లని, శాంతిభద్రతలు చూసేవాళ్లని విడదీయమన్నారు. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ, ప్రతి జిల్లాలోనూ ఒక అథారిటీ పెట్టమన్నారు. జిల్లాలో దానికి రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడుగా ఉండాలన్నారు. ఏ రాష్ట్రమైనా ఆ ఏడింటినీ పూర్తిగా, నిజాయితీగా అమలు చేసిందా? చేయలేదు. మన టౌన్లో పోలీసు మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలంటే ఇవాళ్టికీ జనం చెప్పే జవాబు ఒక్కటే: "ఎమ్మెల్యే గారింటికి పో."

చుండూరు మరవొద్దు. 1991 జులైలో సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులస్తుడికి తగిలిందన్న దగ్గర మొదలైంది. గమనించండి, చదువుకున్నవాడి కాలు! ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. ఊళ్లో పోలీసులుండగానే 1991 ఆగస్టు 6న 8 మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. సెప్టెంబరులో నిరసన తెలిపే చోట పోలీసు కాల్పుల్లో ఇంకో దళిత యువకుడు నేలకొరిగాడు. కేసు 16 ఏళ్లు నడిచింది. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయిన సమయం, చోటు, ఎవరు ఎవర్ని చంపారన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేదని చెప్పింది. మనం అడగవలసిన ప్రశ్న ఇది. ఆ సమయం, ఆ చోటు, ఆ పేర్లు మొదటి రోజు, మొదటి గంటలో రాయవలసింది ఎవరు? పోలీసులు ఊళ్లోనే ఉన్న రోజు జరిగిన హత్యలవి! రాయవలసినవాళ్లు రాయనప్పుడు 8 శవాలు కూడా సాక్ష్యానికి చాలవు.

నిన్న మొన్నటి సంగతీ అంతే. 2020 జులైలో తూర్పుగోదావరి జిల్లా సీతానగరం స్టేషన్లో దళిత యువకుణ్ణి కొట్టి గుండు గీయించారు. అదే నెలలో చీరాలలో మాస్కు లేదని పోలీసులు పట్టుకున్న దళిత యువకుడు దెబ్బలతో చనిపోయాడని కుటుంబం గొంతు చించుకుంది. 2021 జూన్‌లో తెలంగాణలో అడ్డగూడూరు స్టేషన్‌కి దొంగతనం అనుమానంతో తీసుకుపోయిన దళిత వంటమనిషి ప్రాణంతో తిరిగి రాలేదు. ఆ కేసులో ఎస్.ఐ.ని, ఇద్దరు కానిస్టేబుళ్లని ఉద్యోగాల్లోంచి తీసేశారు. జనం కదిలితేనే ఆ మాత్రమైనా జరిగింది. గుండె బాదుకున్న తర్వాత వచ్చే సస్పెన్షన్ ఆర్డరు సంస్కరణ అవుతుందా? లోపలికి తీసుకుపోయిన క్షణంలోనే మనిషి పేరు పుస్తకంలోకి ఎక్కితే, బయట బోర్డు మీద కనబడితే, అది సంస్కరణ.

మనవాళ్లు పోలీసుల్లో లేరా?

కొందరు అడుగుతారు. మన పిల్లలూ కానిస్టేబుళ్లయ్యారు గదా, ఎస్.ఐ.లు కూడా అయ్యారు గదా, ఇంకేం కావాలని. అవ్వాలి. ఇంకా ఎక్కువమంది అవ్వాలి. రిజర్వేషన్ మన హక్కు, ఎవరి దయా కాదు. కానీ మనవాడు ఒక్కడు పోయి ఆ కట్టడాన్ని మార్చలేడు. పగలంతా సెంట్రీ డ్యూటీ, రాత్రంతా గస్తీ, పండక్కి సెలవు దొరకదు, పైఅధికారి ఇంట్లో చాకిరీ. అట్లాంటి మనవాడు మన కంప్లెయింటు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటాడేమోగానీ పైవాడు వద్దన్నదాన్ని రాయలేడు. రాస్తే రేపే బదిలీ. స్టేషన్ అధికారికి రెండేళ్ల స్థిరత్వం అని సుప్రీంకోర్టు చెప్పింది ఇందుకే. సంస్కరణ ఆ కానిస్టేబుల్‌కి కూడా కావాలి. మనం కొట్లాడేది కాకీ బట్టతో కాదు, దాని వెనక నిలబడ్డ పెత్తనంతో.

ఇంకొందరు ఫ్రెండ్లీ పోలీసు అంటారు. నెలాఖరున పౌర హక్కుల దినం పెడతారు. తహసీల్దారు, ఎస్.ఐ. మన పేటకొచ్చి అందరూ సమానమేనని ఉపన్యాసం ఇచ్చి ఫోటో దిగి పోతారు. రావద్దనం. టీ కూడా ఇస్తాం. కానీ నవ్వుతూ పలకరించిన ఎస్.ఐ. మర్నాడు స్టేషన్లో నవ్వుతూనే రాజీకి కూచోబెడితే ఆ స్నేహం మనకెందుకు? మనకి స్నేహం వద్దు, రశీదు కావాలి.

చట్టంలో ఏముంది?

హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది నోటు పుస్తకంలో రాసుకోండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కారంచేడు నెత్తురు, దేశం నిండా పారిన మన నెత్తురు దాని వెనక ఉంది. ఆ చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. అందులో 4వ సెక్షన్ చూడండి. ప్రభుత్వోద్యోగి విధులేమిటో వరసగా ఉంది. మొట్టమొదటిదేమిటి? నోటితో చెప్పింది రాసుకున్నాక, సంతకం పెట్టించుకునే ముందు, దాన్ని చెప్పిన మనిషికి చదివి వినిపించాలి. చూశారా! ఆ తల్లి వేలిముద్ర దగ్గర జరగనిది సరిగ్గా ఇదే. తర్వాత కేసు నమోదు చేయాలి, కాపీ ఇవ్వాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. దళితేతర ఉద్యోగి కావాలని ఈ విధులు ఎగ్గొడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. దీనికి శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలన్న మెలిక ఉంది. అందుకే ఆ విచారణ జరపమని మనం కాగితం పెట్టాలి. అడగందే ఎవరూ జరపరు. దర్యాప్తు చేసేది కూడా డి.ఎస్.పి. స్థాయికి తగ్గకూడదని 1995 నిబంధనల్లో ఉంది.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం పళ్లు పీకింది. ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చు, అరెస్టుకి అనుమతి కావాలి అంది. 2018 ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్లు బంద్ చేశారు. ప్రాణాలు పోయాయి. ఆ పోరాటం వల్లే పార్లమెంటు అదే ఏడు 18ఎ సెక్షన్ తెచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అందులో 173వ సెక్షన్ కింద, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో 14 రోజుల ప్రాథమిక విచారణ జరుపుతామనే వీలు పోలీసులకిచ్చారు. మన అట్రాసిటీ కేసులు చాలా ఆ లెక్కలోకొస్తాయి. "పద్నాలుగు రోజులు ఆగండి" అని రైటరు అంటే, "18ఎ ఉంది సార్" అని మీరనాలి.

అదే 173వ సెక్షన్లో మనకి పనికొచ్చేవీ ఉన్నాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. ఫోన్లో, కంప్యూటర్లో పంపి మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టొచ్చు. కాపీ ఉచితం. తీసుకోకపోతే ఎస్.పి.కి పోస్టులో పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. తీవ్రమైన నేరం గురించి సమాచారమొస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అరెస్టు చేస్తే మెమో రాయాలని, ఇంటివాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని, బంధువులకు కబురు చేయాలని 1996లో డి.కె. బసు కేసులో చెప్పింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది, 22వ అధికరణంలో. బాబాసాహెబు అధ్యక్షతన తయారైన రాజ్యాంగం అది.

కెమెరాల సంగతి. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో గుమ్మం నుంచి లాకప్ దాకా, వరండాలు, రిసెప్షన్‌తో సహా, మాట కూడా రికార్డయ్యే సి.సి. కెమెరాలు పెట్టమంది. ఆ రికార్డు 18 నెలలు, ఎంత తక్కువైనా ఏడాది దాచమంది. కెమెరాలున్నాయని, హక్కులకు భంగం కలిగితే ఫిర్యాదు చేయొచ్చని గుమ్మంలో మన భాషలో పెద్ద బోర్డు పెట్టమంది. మన స్టేషన్ గుమ్మంలో ఆ బోర్డు ఉందా? రేపు పోయి చూడండి.

ఇంకో కాలేజీ టౌన్ కథ

ఇదంతా మన దేశపు రోగమే, పైదేశాల్లో పోలీసులు దేవుళ్లని కొందరనుకుంటారు. మన టౌన్ నుంచి కూడా పిల్లలు అమెరికా పోతున్నారు. అక్కడ కాలిఫోర్నియాలో డేవిస్ అని టమాటా పొలాల మధ్య ఒక కాలేజీ టౌన్. యూనివర్సిటీయే ఆ ఊరికి ఆధారం. 2011 నవంబరు 18న ఫీజుల పెంపు మీదా, ఇతర అన్యాయాల మీదా విద్యార్థులు యూనివర్సిటీ మైదానంలో నేల మీద కూచున్నారు. లేచి కొట్లాడలేదు, కూచున్నారంతే. యూనివర్సిటీ పోలీసు ఒకడు వాళ్ల ముఖాల మీద, పురుగుల మందు పిచికారీ చేసినట్టు, మిరియాల మందు కొట్టాడు. ప్రపంచమంతా ఆ బొమ్మ చూసింది.

ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు క్రూజ్ రెనోసో. మెక్సికో నుంచి వచ్చిన వ్యవసాయ కూలీల కొడుకు, చదువుకొని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జడ్జి దాకా ఎదిగినవాడు. కూలివాడి కొడుకు పోలీసుల రాతని తిరిగి చదవడానికి కూచున్నాడన్న మాట. నివేదిక బయటికి రాకుండా పోలీసు యూనియన్ కోర్టుకెక్కి కొన్నాళ్లు ఆపించింది. 2012 ఏప్రిల్‌లో వచ్చింది. జరిగింది జరగకుండా ఆపగలిగినదేనని, ఆ రకం డబ్బా వాడే అనుమతే ఆ శాఖ నిబంధనల్లో లేదని తేల్చింది. పోలీసు చీఫ్ తప్పుకుంది. మందు కొట్టినవాడి ఉద్యోగం పోయింది. 21 మందికి తలా 30 వేల డాలర్ల పరిహారం ఇచ్చారు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో చెప్పండి. మందు కొట్టినవాడు తన మనసు దెబ్బతిందని పరిహారం అడిగితే 2013లో ఆయనకి 38 వేల డాలర్లు వచ్చింది. దెబ్బ తిన్నవాడికంటే ఎక్కువ!

ఇంకా ఉంది. యూనివర్సిటీ తన పరువు కాపాడుకోవడానికి, ఇంటర్నెట్లో ఆ పాత కథ జనానికి కనబడకుండా చేయడానికి కంపెనీలకి కనీసం లక్షా 75 వేల డాలర్లు ఇచ్చిందని 2016లో పత్రికలు బయటపెట్టాయి. చెరిపెయ్యబోతే కథ ఇంకా ఎక్కువమందికి తెలిసింది. అధికారం ఎక్కడైనా అధికారమే. మన దగ్గర రాయకుండా ఎగ్గొడతారు, అక్కడ రాసినదాన్ని డబ్బు పోసి చెరపబోయారు. కానీ ఒకటి నిలిచింది. 2014లో ఆ యూనివర్సిటీ పోలీసుల మీద ఫిర్యాదులు చూసే బోర్డు వచ్చింది. అందులో విద్యార్థులకు కూడా చోటుంది. ఇంకో సంగతి, ఇది మనది. 2021లో అదే యూనివర్సిటీ తన వివక్ష నిరోధక నియమాల్లో కులం అనే మాట చేర్చింది. సముద్రాలు దాటినా కులం వెంటవస్తోందని మనవాళ్లు అక్కడ చెప్పారు, రాయించారు. అక్కడ రాయించగలిగింది ఇక్కడ, మన సొంత టౌన్లో, ఎందుకు రాయించలేం?

మనం అడిగేవి, మనం చేసేవి

ఈ సభ తరఫున డి.ఎస్.పి. గారికి ఇవ్వాల్సిన కాగితంలో ఐదు సంగతులుండాలని మా ప్రతిపాదన.

ఒకటి. కంప్లెయింటు ఇచ్చిన ప్రతివాళ్లకి అక్కడికక్కడే జనరల్ డైరీ నంబరుతో రశీదు ఇవ్వాలి. చదివి వినిపించామని, ఎవరి ముందు వినిపించారో రాయాలి.

రెండు. స్టేషన్లోకి తీసుకొచ్చిన ప్రతి మనిషి పేరు, తెచ్చిన టైము రిజిస్టర్లో ఎక్కాలి. అరెస్టయినవాళ్ల పేర్లు స్టేషన్ బయట బోర్డు మీద రాయాలి. ఇది కొత్త సంహిత 37వ సెక్షన్లో ఉన్నదే.

మూడు. అట్రాసిటీ కంప్లెయింటు వచ్చాక అవతలివాళ్లిచ్చే కౌంటర్ కేసుల్ని డి.ఎస్.పి. స్వయంగా చూడాలి. విద్యార్థుల్ని ముద్దాయిలు చేసి రాజీకి లాగడం ఆగాలి.

నాలుగు. కెమెరాలు పనిచేస్తున్నాయా లేదా, ఎన్నాళ్ల రికార్డు ఉంది, ఇది మూడు నెలలకోసారి చెప్పాలి.

ఐదు. అట్రాసిటీ నిబంధనల ప్రకారం జిల్లాలో కలెక్టరు, డివిజన్లో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అధ్యక్షతన నిఘా కమిటీలు మూడు నెలలకోసారి కూచోవాలి. కూచుంటున్నాయా? కూచుంటే మినిట్స్ ఏవి? ఆ మినిట్స్ మన పేటకి రావాలి.

ఇవి అడుగుతూ చేతులు కట్టుకు కూచుంటే ఏమీ రాదు. కాలేజీ టౌన్‌కి ఒక బలం ఉంది. ఇక్కడ చదువుకున్న పిల్లలు వందల్లో ఉన్నారు. పల్లెలో మన అవ్వకి లేని బలం అది. అందుకే విద్యార్థులకు ఒక పని చెప్తున్నాం. ప్రతి హాస్టల్లో ఒక పుస్తకం పెట్టండి. పేట నుంచి ఎవరు స్టేషన్‌కి పోయినా ఇద్దరు వెంట వెళ్లండి. ఒక్కరు వెళ్లొద్దు, పదిమంది గుంపుగా అసలే వెళ్లొద్దు. గుంపుగా పోతే దాని మీదే కేసు కడతారు. ఇద్దరు చాలు. అరవొద్దు, మర్యాదగా ఉండండి. ఇంటి దగ్గరే కంప్లెయింటు స్పష్టంగా రాసుకొని రెండు కాపీలు పట్టుకుపొండి. తిట్టిన మాట తిట్టినట్టే రాయండి, సిగ్గుపడొద్దు. సిగ్గు తిట్టినవాడిది. ఎన్నింటికి పోయారు, ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఏమన్నారు, ఎన్నింటికి బయటికొచ్చారు, పుస్తకంలో రాయండి. తీసుకోకపోతే అదే రోజు ఎస్.పి.కి రిజిస్టరు పోస్టు, రశీదు పుస్తకంలో అంటించండి. మనిషిని లోపల పెట్టి చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి. ప్రాణం, స్వేచ్ఛ సంగతైతే 48 గంటల్లో జవాబివ్వాలని 2005 చట్టంలో ఉంది. ఎఫ్.ఐ.ఆర్. కట్టామంటే నెట్లో చూడండి. 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, కొన్ని సున్నితమైన కేసులు తప్ప. పెద్ద చదువు చదివిన లాయర్లు మన టౌన్లో మనవాళ్లే నలుగురున్నారు. వారానికొకరు హాస్టల్లో ఒక గంట కూచోవాలని ఈ వేదిక మీంచి అడుగుతున్నాం.

పెద్దలకు ఒక మాట. రాజీ కోసం మీ ఇంటికి ఎవరొచ్చినా పిల్లల్ని అడగకుండా తలూపొద్దు. మాల అనీ మాదిగ అనీ విడదీసి, వాడి కేసు మనకెందుకని మీ చెవిలో ఊదేవాళ్లుంటారు. స్టేషన్ బెంచీ మీద కూచున్నప్పుడు మనందరి కూలీ ఒకటే, మనందరి భయమూ ఒకటే. అమ్మలకు ఒక మాట. వేలిముద్ర వేసే ముందు "చదివి చెప్పు నాయనా" అని అడగండి. చదవకపోతే వేలు చాపొద్దు. అది మీ హక్కు. చట్టంలో నల్లటి అక్షరాల్లో ఉంది.

రేపు సోమవారం పొద్దున పదింటికి హాస్టల్ దగ్గర కలుద్దాం. ఆ నలుగురు పిల్లల కేసులో, చదివి వినిపించకుండా వేలిముద్ర తీసుకున్నందుకు 4వ సెక్షన్ కింద విచారణ జరపమని ముందు కాగితం పెడదాం. అది మన పుస్తకంలో మొదటి పేజీ. తల్లి వస్తానంది. ఆమె వెంట వెళ్లే ఇద్దరి పేర్లు ఇప్పుడే ఇవ్వండి, సభ అయిపోయేలోగా రాసుకుంటాం.

జై భీమ్!